నలభైకి నలభై

నిద్రశాలలో మనిషికి ముందుగా తేరుకునేవి చెవులు. స్వరూప ఇంకా కళ్ళు తెరవలేదు, అప్పటికే చుట్టూ గొణుగుడు వినపడుతోంది. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, తల్లి పేరు, పెళ్ళయిన ఊరు... రెండు వందల పడకల మీద రెండు వందల మంది, నాలుక సరిగ్గా తిరగకముందే, ఎవరి జీవితాన్ని వాళ్ళు అప్పజెప్పుకుంటున్నారు. కొందరికి మధ్యలో తెగిపోతోంది. తెగిన చోట ఆగి, మళ్ళీ పేరు దగ్గర మొదలుపెడుతున్నారు. ఆ పద్ధతి నేర్పింది స్వరూపే. ఎక్కడ తెగినా మొదటికి రావాలి, మధ్యలో అందుకోవద్దు అని పదకొండేళ్ళుగా చెబుతోంది.

నలభై రోజుల కిందట, భరణి కార్తె రాకముందు, వాళ్ళను పడుకోబెట్టారు. మృగశిర కార్తెను ఆ ఊళ్ళో మిరుగం అంటారు. మిరుగానికి నాలుగు రోజులుందనగా లేపారు. ఆ మధ్య కాలమంతా నల్లబండ పట్నంలో మెలకువగా ఉన్నవి యంత్రాలూ, వాటిని చూసుకునే పదిమందీ మాత్రమే. పాత బొగ్గు గనుల ఊరు అది. ఎండ యాభై ఆరు డిగ్రీలు దాటాక ఊరందరికీ చల్లటి గదులు కట్టించడం అయ్యే పని కాదని, ఊరందరినీ నిద్రపుచ్చడమే తేలికని పెద్దలు తేల్చారు. ఒంటిని చల్లబరిచి, మత్తుధారను చుక్కచుక్కగా నరంలోకి వదిలితే మనిషికి రోజుకు రెండు గ్లాసుల నీళ్ళు చాలు. దానికి ఎండనిద్ర అని పేరు పెట్టారు. అది వచ్చాక నల్లబండలో వడదెబ్బకు ఒక్కరూ పోలేదు. ఆ మాట అబద్ధం కాదు. రాకముందటి వేసవిలో తొంభై ముగ్గురు పోయారు. వాళ్ళలో ఒకతె ఐదేళ్ళ రవళి, స్వరూప మొదటి బిడ్డ.

స్వరూప చేతికున్న పట్టీ విప్పుకుని లేచింది. కాళ్ళు తేలిపోతున్నాయి. మంచాల కడ్డీలు పట్టుకుంటూ ఆరో వరుసలో ఉన్న భర్త దగ్గరికి నడిచింది. ఓదెలుకు యాభై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు గని క్యాంటీన్లో వంటమనిషి. నిద్రలో గడ్డం పెరిగి ముఖం చిక్కిపోయింది. రెప్పలు అప్పుడప్పుడే కదులుతున్నాయి.

ఈ నిమిషమంటే ఆమెకు ఏటా భయమే. అక్కడ మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు పేరుతో పిలుచుకోరు, మొదటి బిడ్డ పేరు పెట్టి పిలుచుకుంటారు. రవళి పోయాక ఇద్దరూ ఒక మాట అనుకోకుండానే చిన్నవాడి పేరుకు మారారు. కానీ ఎండనిద్ర నుంచి లేచిన మొదటి నిమిషంలో ఓదెలుకు ఆ మార్పు గుర్తుండేది కాదు. కళ్ళు తెరుస్తూనే "రవళి వాళ్ళమ్మా" అనేవాడు. పదమూడేళ్ళు పదమూడు సార్లు అలాగే అన్నాడు. ఆ ఒక్క నిమిషం ఆయనకు పిల్ల బతికే ఉండేది. స్వరూప ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. నర్సు వింటే, ఇంటి వివరాలు రాసిన పడక పత్రంలో లేని పేరు పలికాడని రాసుకుంటుందని ఆమె బెంగ.

ఓదెలు కళ్ళు తెరిచాడు. ఆమె వైపు చాలాసేపు చూశాడు.

"సాకేత్ వాళ్ళమ్మా" అన్నాడు.

స్వరూపకు గుండె తేలికపడింది. ఈసారి గట్టెక్కినట్టే అనుకుంది. ఆ సంతోషాన్ని తలుచుకుని తరవాత ఎంత ఏడ్చినా తీరలేదు. ఆ పూట మాత్రం ఆయన తల నిమిరి, లేపి కూర్చోబెట్టి, గంజి తాగించింది.

గట్టెక్కాల్సింది యాది పరీక్ష. అక్కడి వాళ్ళకు జ్ఞాపకమంటే యాదే. వెనకటి రోజుల్లో పెద్ద ఆపరేషనుకు మత్తు ఇచ్చినప్పుడు ముసలివాళ్ళు కొందరు నాలుగు రోజులు తికమకపడేవాళ్ళట, చాలామంది మళ్ళీ మామూలయ్యేవాళ్ళట. తప్పు మత్తుదా, కోతదా, వయసుదా అని డాక్టర్లు వాదించుకునేవాళ్ళట. అది జన్మలో ఒకటి రెండు సార్లు, రెండు మూడు గంటల మత్తు. ఏటా నలభై రోజుల మత్తు సంగతి ఎవరికీ తెలియదు. ఎదిగే మెదడుకు మంచిది కాదని పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని మాత్రం మొదటి నుంచీ దీనికి దూరంగా ఉంచి, వేసవికి కొండబడులకు పంపేవారు. పెద్దవాళ్ళకు ఏమీ కాదన్నారు. మూడో ఏడు నుంచి కొందరు ఇంటి దారి మరిచిపోతుంటే పరీక్ష పెట్టారు. లేచిన మూడో రోజున నలభై ప్రశ్నలు. ముప్ఫై రెండు రావాలి. తగ్గితే ఆ మెదడు ఇంకో నిద్రకు తట్టుకోదని లెక్క. అలాంటివాళ్ళను ఎండ అంతగా తగలని చల్లకొండకు తీసుకుపోయి ఏడాది పొడుగునా అక్కడే ఉంచుతారు. అక్కడ చోటు తక్కువ. తోడుగా ఎవరినీ రానివ్వరు.

మంచికే పెట్టిన పరీక్ష అది. కానీ పరీక్ష అన్న మాట మన చెవిన పడితే ఆగుతామా? మరుసటి ఏడే నల్లబండలో కోచింగులు మొదలయ్యాయి. స్వరూప పెళ్ళికి ముందు ఎంట్రన్సు పిల్లలకు పాఠాలు చెప్పింది. మెదడులో ఏముందో ఎవడికీ అక్కర్లేదు, ప్రశ్న పడగానే జవాబు రావాలి అన్నది ఆమెకు అప్పుడే ఒంటబట్టింది. ఒక్కొక్కరికి ఒక్కో బిట్ బ్యాంక్ రాసిచ్చేది. నీ పెండ్లి ఎక్కడైంది? మంథనిల. నీ అన్న ఏం పని చేసేటోడు? లారీ డ్రైవర్. వంద సార్లు, రెండు వందల సార్లు చెప్పించేది. ఆమె చేతి కింద చదివినవాళ్ళు ఒక్కరూ తప్పలేదు. ఇరుగుపొరుగు ఆమెను టీచరమ్మా అని పిలిచేవారు, ఆమెకు అది ఇష్టంగానే ఉండేది.

ప్రశ్నలన్నీ పడక పత్రంలోంచి వచ్చేవి. ఎండనిద్ర మొదలైన ఏడు, రవళి పోయి పది నెలలయ్యాక, టెంటు కింద కూర్చున్న గుమాస్తా ఒక్కో ఇంటికీ ఆ పత్రం నింపాడు. పిల్లలెందరని అడిగితే స్వరూప ఇద్దరనే అంది. అని, ఆగిపోయింది. కొండబడిలో ఎంతమందికి చోటు కావాలో ఆ లెక్క కోసం అడుగుతున్నానని గుమాస్తా మెల్లగా చెప్పాడు. ఏడాది నిండని సాకేత్ ఆమె చంకలో ఉన్నాడు. ఒకరు, అని రాయించింది. ఓదెలు పుట్టిన తేదీ కూడా బడిలో సారు వేసిన తప్పు తేదీయే రాయించింది. పత్రాలంటే అంతే కదా అనుకుంది. ఆ పత్రమే రేపు మనిషి యాదికి కొలబద్ద అవుతుందని ఎవరు కలగన్నారు?

మొదటి పరీక్షలో ఓదెలు పుట్టిన తేదీ పత్రంలో ఉన్నదే చెప్పాడు కానీ పిల్లలు ఇద్దరన్నాడు. ఒక మార్కు పోయింది, ముప్ఫై తొమ్మిది వచ్చాయి. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. తరవాత మార్కులు ముప్ఫై ఆరయ్యాయి, ముప్ఫై నాలుగయ్యాయి, నిరుడు ముప్ఫై మూడు. ఆయన ఒక్కడే చల్లకొండలో తెలియని మనుషుల మధ్య తెల్లగోడలు చూస్తూ కూర్చున్నట్టు స్వరూపకు పగలే కళ్ళముందు కదిలేది. ఒక్కో మార్కును పట్టుకుని వేళ్ళాడింది. ఆరేళ్ళ కిందట మొదటిసారి, పిల్లలెందరన్న ప్రశ్నకు "ఒకరు" అనమని తాను చెప్పినప్పుడు ఓదెలు కంచం పక్కకు నెట్టి లేచాడు.

"సచ్చిపోతే బిడ్డ కాకుండ పోతదా?" అన్నాడు.

"బయట ఇద్దరే. పరీక్షల మాత్రం ఒకరు" అంది ఆమె.

ఆ పూట ఇద్దరూ తినలేదు. మరుసటి రోజు ఆయనే వచ్చి పుస్తకం ముందు కూర్చున్నాడు. ఆమెను ఒంటరిని చేసి పోవడం ఆయనకు మాత్రం ఇష్టమా?

ఇప్పుడు చేతిలో మూడు రోజులున్నాయి. ఇంటికి రాగానే స్వరూప తలుపు వేసింది. చదివించమని వచ్చిన నలుగురిని గుమ్మంలోంచే పంపేసింది. ఉదయం ఆరింటికి మొదలుపెడితే చీకటి పడేదాకా ప్రశ్న, జవాబు. ఓదెలు ఎన్నడూ లేనంత చురుగ్గా చెబుతున్నాడు. ఆమె ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు వస్తోంది. తేదీల దగ్గర తడబాటు లేదు, ఊళ్ళ పేర్ల దగ్గర వెతుకులాట లేదు.

పాఠం మధ్యలో మాత్రం కొన్ని జరిగాయి. స్నానానికి లేచి రెండుసార్లు వంటగదిలోకి పోయి నిలబడ్డాడు. చొక్కా చేతిలో పట్టుకుని, దీన్నేం చేయాలన్నట్టు చాలాసేపు చూశాడు. గోడమీద సొంత అన్న ఫోటో చూసి ఎవరని అడిగాడు. అదే అన్న గురించి పుస్తకంలోంచి అడిగితే పేరూ, లారీ పనీ, పోయిన సంవత్సరమూ గడగడా చెప్పాడు. స్వరూప చూడలేదని కాదు, చూసింది. పరీక్ష అయ్యాక చూసుకుందాంలే అనుకుని పేజీ తిప్పింది.

మూడో రోజున నిద్రాధికారి డాక్టర్ నుస్రత్ ఓదెలు నుదుటికి యాదికొలత పట్టీ కట్టింది. నలభై ఏళ్ళ మనిషి ఆమె, ఎవరినీ కసురుకోదు. జవాబు ఎంతసేపట్లో వస్తోందో, చెప్పేటప్పుడు మెదడు ఎంత తికమక పడుతోందో ఆ పట్టీ కొలుస్తుంది. అద్దం అవతల నిలబడి స్వరూప పెదవులతో ప్రతి జవాబునూ ముందే పలుకుతోంది. పద్నాలుగో ప్రశ్న పిల్లల సంఖ్య. ఓదెలు రెప్ప కూడా ఆడించలేదు. "ఒకరు. కొడుకు. సాకేత్." పట్టీ మీద పచ్చదీపం ఒక్కసారైనా వణకలేదు.

నలభైకి నలభై. నల్లబండలో ఆ వయసువాళ్ళకు అన్ని మార్కులు రావడం అదే మొదలు. డాక్టర్ నుస్రత్ బయటికి వచ్చి స్వరూప చేతులు పట్టుకుంది. వచ్చే వేసవికి నిశ్చింతగా పడుకోవచ్చని ముద్ర వేసి ఇచ్చింది. స్వరూప ఆ కాగితాన్ని దారి పొడుగునా గుండెకు అదుముకుని నడిచింది.

మరునాడు మిరుగం. ఆ రోజు ఊళ్ళో చేపలు తినని ఇల్లుండదు. ఏటా ఓదెలే వండేవాడు. ఈసారి ఎందుకైనా మంచిదని ఆయనను పక్కనే కూర్చోబెట్టుకుని స్వరూప వండింది, ఆయన చింతపండు పిసికిచ్చాడు. బొచ్చె చేప, నూరిన మసాలా. ఇల్లంతా వాసన.

రవళి ఉన్నప్పుడు ఆ పిల్లకు ముళ్ళంటే భయం. ఓదెలు తోకముక్కలోంచి ముల్లు ముల్లూ ఏరి, అన్నంలో కలిపి, ఏడు చిన్న ముద్దలు చేసి కంచం అంచున వరసగా పెట్టేవాడు. పిల్ల ఒక్కో ముద్దకూ ఒక పేరు పెట్టింది. ఆ పేరు చెబితేనే నోరు తెరిచేది. పిల్ల పోయిన మరుసటి మిరుగం నుంచి ఆయన మోదుగాకు విస్తట్లో అలాగే ఏడు ముద్దలు పెట్టి, ఏడు పేర్లూ పెదవుల కింద చెప్పుకుంటూ పిట్టగోడ మీద ఉంచేవాడు. కాకులు తినేదాకా తాను తినేవాడు కాదు. స్వరూప ఏనాడూ ఆ పక్కకు పోలేదు. ఆ పేర్లు వినలేకపోయేది. ఆయనకు తెలుసు కదా, ఆయన దగ్గర ఉన్నాయి కదా అని ధైర్యం.

విస్తరి కడిగి ఆయన ముందు పెట్టింది. ఓదెలు దాన్ని దగ్గరికి లాక్కుని, అన్నం వడ్డించుకుని, తోకముక్క వేసుకుని తినడం మొదలుపెట్టాడు.

స్వరూప, ముందు బిడ్డకు పెట్టవా అని అడిగింది.

"సాకేత్ కొండబడి నుంచి ఎల్లుండి గద వచ్చేది" అన్నాడు ఆయన నములుతూ.

"సాకేత్ కాదు. రవళికి."

ఓదెలు చెయ్యి ఆగింది. ముఖం జాగ్రత్తగా మారింది. నుదురు కొద్దిగా ఎత్తి, మెడ నిటారుగా పెట్టి, ఆమె మూడు రోజులు నేర్పిన గొంతుతో చెప్పాడు. "పిల్లలు ఒకరు. కొడుకు. సాకేత్."

అని, సరిగ్గా చెప్పానా అన్నట్టు ఆమె ముఖంలోకి చూశాడు.

స్వరూప అరవలేదు. ఫోటో తెచ్చి చూపించింది. మంచిగున్నది పిల్ల, ఎవరి పిల్ల అని అడిగాడు. వడదెబ్బ తగిలిన ఆ మధ్యాహ్నం గురించి, నీళ్ళ బకెట్టు గురించి, ఆటో దొరకక ఆయన పిల్లను భుజాన వేసుకుని ఆస్పత్రి దాకా పరిగెత్తడం గురించి చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఎవరో పరాయివాళ్ళ కష్టం విన్నట్టు పాపం అన్నాడు. పదమూడేళ్ళు లేవగానే నోట వచ్చిన ఆ పేరు ఎక్కడికి పోయింది? మత్తు తీసుకుపోయిందా? మత్తు తలుపు తీస్తే తానే బయటికి నెట్టిందా? చేప కూర చల్లారిపోయింది.

మరుసటి ఉదయం డాక్టర్ నుస్రత్ గది తెరవకముందే స్వరూప గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి వెళ్ళగానే చేతులు జోడించింది. ఆయన తప్పాడని రాయమంది. పోయిన కూతురు రవళినే మరిచాడు, ఆయనకు లోపల ఏమీ మిగలలేదు, అన్నీ నేను పోసిన మాటలే అని చెప్పింది. చల్లకొండకు పంపించమంది. తాను ఇక్కడ ఒక్కతే ఉంటానంది.

డాక్టర్ నుస్రత్ ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. పాప మరణపత్రం తెప్పించి చూసింది. పడక పత్రంలో తప్పు దిద్దవచ్చని, పద్నాలుగో జవాబు తప్పుగా మార్చవచ్చని చెప్పింది.

"మార్చినా ఆయనకు ముప్ఫై తొమ్మిది వస్తాయి స్వరూపగారూ. ముప్ఫై రెండుకు తగ్గితేనే నేను ఏమైనా చేయగలిగేది."

మళ్ళీ అడగండి, పుస్తకంలో లేనివి అడగండి, వంటగది ఎటో అడగండి అని స్వరూప బతిమాలింది. అలా అడగడానికి యాదికొలతలో చోటు లేదు. పత్రంలో ఉన్నదే నిజం, దానితో పోల్చి చూడటమే దాని పని. పైగా ఇంట్లోవాళ్ళు కోరినంత మాత్రాన ఎవరినీ పరీక్ష తప్పినట్టు రాయకూడదని నియమం ఉంది. ముసలివాళ్ళను వదిలించుకోవడానికి కొందరు అలా అర్జీలు పెట్టబట్టి ఆ నియమం వచ్చింది. నలభైకి నలభై వచ్చిన మనిషిని చల్లకొండకు పంపమని భార్యే అడిగితే పైవాళ్ళు ఏమనుకుంటారు? డాక్టర్ నుస్రత్ ఆ మాట బాధపడుతూనే చెప్పింది.

"మరి వచ్చే భరణికి?" అంది స్వరూప.

"అర్హత ఉన్నవాళ్ళకు ఎండనిద్ర తప్పనిసరి. మీకు తెలుసు కదమ్మా."

తెలుసు. మెలకువగా ఉంటే ఎండ తీసుకుపోతుంది, పడుకుంటే మత్తు తీసుకుపోతుంది. మిగిలిన ఒక్క దారినీ తన చేతులతోనే, బిట్టు బిట్టుగా పేర్చి, మూసేసింది. ఆమె చేతి కింద చదివినవాళ్ళు ఒక్కరూ తప్పలేదు. తిరిగొచ్చే దారిలో గుమ్మాల్లో కూర్చున్నవాళ్ళు ఆమెను చూసి నమస్కారం పెట్టారు, మా ఇంటాయనకు కూడా నలభై తెప్పించాలె టీచరమ్మా అన్నారు. వాళ్ళ ముఖాల్లోకి చూడటానికి ఆమెకు భయమేసింది. వీళ్ళలో ఎంతమంది లోపల ఇలాగే ఉన్నారో! ఇంటి ముందు దాకా వచ్చి, గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

లోపల ఓదెలు పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. చదువు అయిపోయిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

స్వరూప పక్కన కూర్చుని కొత్త పేజీ తీసింది. నలభై ఒకటి అని అంకె వేసింది. రవళి. పుట్టిన రోజు రాసింది, పోయిన రోజు రాసింది. గోరింటాకు ఇష్టం, కుడి మోకాలి మీద మచ్చ. ఏడు ముద్దల పేర్లు అని రాసి కలం ఆపింది. ఒకటి ఏనుగు ముద్ద. ఒకటి మేనమామ ముద్ద. మూడోది? పద్నాలుగు నిద్రలు ఆమె కూడా పడుకుంది. తన పుస్తకం తాను కంఠతా పట్టింది, అందులో ఈ పిల్ల లేదు. ఎంత వెతికినా మూడోది రాలేదు. ఆయనను అడిగింది. ఆయన ఆమె ముఖం చూశాడు, తరవాత జవాబు రాసి ఉందేమోనని పేజీ వైపు చూశాడు. అక్కడ ఖాళీ ఉంది.

ఆమెకు తెలిసిన పని ఒక్కటే. అదే మొదలుపెట్టింది. పిల్లలెందరంటే ఇద్దరనమంది. పెద్దది రవళి అనమంది. ఓదెలు అన్నాడు. పది సార్లు అన్నాడు, ఇరవై సార్లు అన్నాడు. మొదట్లో రెండుసార్లు తప్పు పలికి దిద్దుకున్నాడు, పొద్దు వాలేసరికి ఒక్కసారీ తప్పలేదు. ఇరవై ఒకటో సారికైనా ఆ కళ్ళలో ఏదైనా కదులుతుందేమోనని స్వరూప వాటినే చూస్తూ అడుగుతోంది.

"పిల్లలెందరు?"

"ఇద్దరు. పెద్దది రవళి. చిన్నోడు సాకేత్."

ఆమె ఏడుస్తోందని ఆయన గమనించాడు. ఎక్కడ తప్పు చేశాడో అర్థం కాక కాసేపు ఆలోచించాడు. ఆమె చేతిమీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"మరి పరీక్షల ఏది చెప్పాలె?"